ఎవలు చెప్పిండ్రు బిడ్డా? : ఆకర గ్రంథాలు, మన పాదసూచికలు

సిద్ధాంత వ్యాసం రాసే దళిత విద్యార్థికి గైడు చెప్పే మొదటి మాట "ఆధారం చూపించు" అని. ఆ మాట వినీ వినీ మనకు విసుగొచ్చింది. చదువుకొచ్చిన మొదటి తరం పిల్లల్ని గడప దగ్గరే ఆపడానికి పెట్టిన తడక ఇది అని మనలో చాలామంది అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. పాదసూచిక అంటే కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అనే గొడవ తప్ప మరేమీ లేదనుకున్నాను. నా అభిప్రాయం మారింది ఉప్పల్‌లో మా ఇంట్లోనే. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా నాయిన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు లోడింగు పని చేశాడు. అమ్మ ఉప్పల్‌లో నాలుగిళ్లలో అంట్లు తోమింది. మా ఇంటి నుంచి విశ్వవిద్యాలయం దాకా పోయినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నా పరిశోధన కూడా ఆ మనుషుల మీదనే. నాచారం ఫ్యాక్టరీల్లో కూలికి వచ్చి ఉప్పల్ చుట్టుపక్కల నిలబడ్డ దళిత కుటుంబాల చరిత్ర. రెండో అధ్యాయంలో, అందరూ రాసినట్టే, కులాల పరిచయం రాశాను. ఒకరోజు రాత్రి అమ్మ "ఏం రాస్తున్నవ్, జర చదివి వినిపియ్యి" అన్నది. చదివాను. మాదిగల తిండి గురించి, శుభ్రత గురించి, తాగుడు గురించి, ఆడవాళ్ల నడవడి గురించి రెండు పేరాలు. అన్నీ నా సొంత మాటల లెక్కనే ఉన్నాయి. కింద సూచిక లేదు.

అమ్మ కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది.

"గీ ముచ్చట ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

"పుస్తకంల ఉన్నదమ్మా."

"ఏ పుస్తకంల? రాసినోడు మన దిక్కొచ్చిండా? ఎన్నడొచ్చిండు? ఎవలింట్ల కూసున్నడు?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరిని చూసి చెప్పారు. అక్షరం రాని మా అమ్మ అడిగిన ఈ మూడు ప్రశ్నలే పరిశోధన పద్ధతి పుస్తకాలన్నీ వందల పేజీల్లో చెప్పేవి.

ఆ రెండు పేరాలు ఎక్కడివి?

పోటీ పరీక్షల కోసం అచ్చేసిన ఒక తెలుగు గైడు నుంచి నేను వాటిని ఎత్తి రాసుకున్నాను. ఆ గైడులో ఆధారం లేదు. వెతుక్కుంటూ పోతే దాని వెనక ఇంకో పుస్తకం, దాని వెనక ఒక సిద్ధాంత వ్యాసం, ఆఖరికి ఎడ్గార్ థర్‌స్టన్ దగ్గర తేలాను.

థర్‌స్టన్ 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంటు. 1901లో బ్రిటిష్ ప్రభుత్వం దేశమంతా కులాల, తెగల సర్వే మొదలుపెట్టినప్పుడు మద్రాసు రాజధాని పని ఆయనకు అప్పగించింది. తలలు, ముక్కులు కొలిచి మనుషుల్ని జాతులుగా విడదీయవచ్చని నమ్మిన కాలం అది. ఆయన కూడా ఆ కొలతలు తీసినవాడే. కె. రంగాచారి సహాయంతో 1909లో మద్రాసు నుంచి 'దక్షిణ భారత కులాలు, తెగలు' అనే ఏడు సంపుటాలు అచ్చయ్యాయి. కులాల పేర్లు ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంటాయి. మాదిగ, మాల రెండూ నాలుగో సంపుటంలో వస్తాయి.

ఇక్కడొక విషయం గమనించాలి. ఆ సర్వే మద్రాసు రాజధానిది. నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు. 1909లో ఉప్పల్, నాచారం నిజాం రాజ్యంలోని ఊళ్లు. మద్రాసు రాజధానిలోని జిల్లాల మాదిగల గురించి మ్యూజియం అధికారి కూర్చిన మాటల్ని, వందేళ్ల తర్వాత, ఉప్పల్ మాదిగ కొడుకు తన ఊరి మనుషుల మీద అతికించాడు. అదీ వర్తమాన కాలంలో, 'చేస్తారు', 'తింటారు', 'ఉంటారు' అని. సూచిక రాసి ఉంటే ఈ తప్పు నాకు అక్కడికక్కడే కనబడేది. 'థర్‌స్టన్, 1909, మద్రాసు' అని రాసే చెయ్యి ఉప్పల్ దగ్గర ఆగి తీరుతుంది.

నిజాం రాజ్యానికి వేరే గ్రంథం ఉంది. హైకోర్టు జడ్జిగా పనిచేసిన సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద రాసిన పుస్తకం 1920లో బొంబాయిలో అచ్చయింది. ఉప్పల్ ప్రాంతం మీద పని చేసేవాళ్లు ఆకర గ్రంథం చూడాలంటే ముందు దీన్ని చూడాలి. అట్లాగని దీన్ని కళ్లు మూసుకుని నమ్మమని కాదు. అది కూడా అధికారి పుస్తకమే. కాకపోతే పరిధి సరిపోతుంది, ఏడాది తెలుస్తుంది, రాసినవాడి కుర్చీ ఏదో తెలుస్తుంది. తర్వాత వాదన చేయడానికి మనకు చోటు దొరుకుతుంది.

మరి తెలుగులో ఆకర గ్రంథాలు లేవా అని విద్యార్థులు అడుగుతారు. కొమర్రాజు లక్ష్మణరావు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం' మొదటి సంపుటం 1915లో వచ్చింది. ఆయన 1923లో చనిపోయారు. ఆ మహాప్రయత్నం 'అ' అక్షరం దాటలేదు. మన కులాల పేర్లు 'మ'లో ఉన్నాయి. అంతదాకా అది రాలేదు. దాంతో మన గురించి మనం చదువుకోవడానికి కూడా దొరల ఇంగ్లీషు సంపుటాలే దిక్కయ్యాయి. వాటిని తెలుగులోకి పేరు చెప్పకుండా దించుకున్న చోటల్లా అధికారి అభిప్రాయం 'అందరికీ తెలిసిన సంగతి' అయిపోయింది.

సూచిక ఎట్లా ఇవ్వాలి?

ఇది పనికొచ్చే సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం, గెజిటీరు, కులాల సంపుటాలు, సెన్సస్ రిపోర్టులు మామూలు పుస్తకాల లాంటివి కావు. వాటిని ఎవరూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవరు. ఒక మాట కోసం తెరుస్తారు. అందుకే పేజీ నంబరు ఒక్కటే ఇస్తే చాలదు. ఏ మాట కింద చూశామో ఆ మాట చెప్పాలి. కూర్పులు మారితే పేజీలు మారతాయి, మాట మారదు. 'ఫలానా నిఘంటువు, ఫలానా కూర్పు, ఫలానా మాట కింద' అంటే చదివేవాడు ఏ ముద్రణలోనైనా దొరకబట్టుకుంటాడు.

కూర్పు ఎందుకు చెప్పాలి? బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునే తీసుకోండి. మొదటి కూర్పు 1852లో వచ్చింది. ఇవాళ మన చేతికి ఎక్కువగా వచ్చేది 1903 కూర్పు. దాన్ని సవరించి పెంచిన ముగ్గురిలో కందుకూరి వీరేశలింగం ఒకరు. ఏదైనా కులం మాటకు అర్థం చూసి 'బ్రౌన్ ఇట్లా అన్నాడు' అని రాస్తే అది బ్రౌన్ అన్నదా, యాభై ఏళ్ల తర్వాత సవరించినవాళ్లు చేర్చిందా? రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టి చూడందే చెప్పలేం. 1852 నాటి దొర మాటకూ 1903 నాటి సంస్కర్తల మాటకూ తేడా ఉంటే, ఆ తేడాయే మనకు చరిత్ర.

పునర్ముద్రణల సంగతి ఇంకా ముఖ్యం. థర్‌స్టన్ సంపుటాలను 1987లో మళ్లీ అచ్చేశారు. చాలామంది విద్యార్థులు 'థర్‌స్టన్, 1987' అని రాస్తారు. నేను కూడా ఒక చోట అట్లా రాశాను. దాని అర్థం ఏమవుతుంది? 1935లో చనిపోయిన మనిషి 1987లో మన వాడకొచ్చి చూసి రాసినట్టవుతుంది. ముందు 1909 రాయాలి, తర్వాత పునర్ముద్రణ ఏడాది రాయాలి. అంబేడ్కర్‌కూ ఇదే న్యాయం. కులాల పుట్టుక మీద ఆయన కొలంబియాలో చదివిన పత్రం 1916 నాటిది, 1917లో పత్రికలో అచ్చయింది. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల మొదటి సంపుటం 1979లో వచ్చింది. 'అంబేడ్కర్, 1979' అని రాస్తే పాతికేళ్ల విద్యార్థిగా ఆయన చేసిన సాహసం మొత్తం మాయమైపోతుంది.

మూడో సంగతి, మాట ఎవరిదో చెప్పడం. థర్‌స్టన్ పేజీల్లో ఉన్నదంతా థర్‌స్టన్ చూసింది కాదు. పాత జిల్లా మాన్యువళ్లు, 1891, 1901 నాటి మద్రాసు సెన్సస్ రిపోర్టులు, మిషనరీల నోట్సు, ఉద్యోగులు పంపిన కాగితాలు అన్నీ అందులో కలిసి ఉన్నాయి. చాలాచోట్ల ఆయనే పేర్లు చెప్పాడు. మనం ఎత్తి రాసేటప్పుడు ఆ పేర్లు రాలిపోతున్నాయి. 'ఫలానా మిషనరీ చెప్పిన మాట, థర్‌స్టన్ సంపుటంలో ఉన్నట్టు' అని రాయడం నిజాయితీ. అట్లా రాస్తే ఇంకో ప్రశ్న కూడా పుడుతుంది. ఈ సమాచారం ఇచ్చినవాళ్లలో వాడ మనుషులు ఎంతమంది? అందరికీ తెలిసిన విజ్ఞాన సర్వస్వాల్లో కూడా వ్యాసం కింద రాసినవాళ్ల సంతకం ఉంటే ఆ పేరే ముందు పెట్టాలి. సంపాదకుడి పేరుతో సరిపెట్టకూడదు.

చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల పద్ధతి పుస్తకం 1906 నుంచీ ఉంది. పేరుమోసిన నిఘంటువుల్ని, విజ్ఞాన సర్వస్వాల్ని పాదసూచికలో కూర్పుతో, మాటతో చెప్తే చాలు, గ్రంథసూచిలో చేర్చనక్కర్లేదు అనే సంప్రదాయం దానిలో ఉంది. అందరికీ తెలిసినవే కదా అని. మన పనికి ఈ సడలింపు పనికిరాదని నా అభిప్రాయం. కులాల సంపుటం అర్థాలు చెప్పే నిఘంటువు కాదు. అది మన మీద ఇచ్చిన వాంగ్మూలం. వాంగ్మూలం ఇచ్చినవాడి పేరు, ఊరు, తేదీ పూర్తిగా ఉండాలి, గ్రంథసూచిలో కూడా ఉండాలి.

పేరు మారితే లెక్క మారుతుంది

సెన్సస్ అంకెల దగ్గర మన విద్యార్థులు ఎక్కువగా జారిపడతారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1911లో అది మాన్య సంఘమైంది. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభ ఆయన అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకుంది. ఇక్కడ హైదరాబాద్ రాజ్యంలో 'మేం పంచములం కాదు, ఆదిహిందువులం' అని ఆ తరం కొట్లాడింది. 1931 హైదరాబాద్ సెన్సస్‌లో ఆదిహిందువు అనే పేరు ఎక్కింది. అంటే ఒకే కుటుంబం 1921లో ఒక పేరు కింద, 1931లో ఇంకో పేరు కింద, 1950 రాజ్యాంగ ఉత్తర్వు తర్వాత షెడ్యూల్డ్ కులాల కింద లెక్కకొస్తుంది. ఏ రిపోర్టు, ఏ సంపుటం, ఏ పట్టిక అని చెప్పకుండా ఈ మూడు అంకెల్ని ఒకే వరసలో పేర్చి 'జనాభా పెరిగింది', 'తగ్గింది' అని రాయడం తప్పుడు లెక్క. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ పేరు కోసం జరిగిన పోరాటం లెక్కలోంచి జారిపోతుంది. 1931 పట్టిక తలకట్టులో ఉన్న 'ఆదిహిందువు' అనే ఒక్క మాట వెనక పాతికేళ్ల ఉద్యమం ఉంది. సూచిక సరిగ్గా ఇస్తేనే అది కనబడుతుంది.

ఊరి పేర్ల సంగతి కూడా ఇంతే. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న ఊళ్లు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా కింద ఉండేవి. ఆ తర్వాత ఉప్పల్ హైదరాబాద్ జిల్లాలో ఉంది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడ్డప్పుడు దానిలోకి వచ్చింది. 2007లో మున్సిపాలిటీ పోయి గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2016 అక్టోబరులో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా అయింది. 2001 సెన్సస్‌లో వెతికితే 'ఉప్పల్ కలాన్' అని ఉంటుంది. 'ఉప్పల్' కోసం ఉత్త వేలు పెట్టి వెతికినవాడు ఏమీ లేదనుకుని పుస్తకం మూసేస్తాడు. పుస్తకంలో ఏ పేరుతో ఉందో అదే పేరుతో సూచిక ఇచ్చి, ఇవాళ్టి పేరు పక్కన చెప్పాలి.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పని చేసేవాళ్లకు ఫస్లీ ఏళ్ల తిప్పలు తెలుసు. హైదరాబాద్ ఫస్లీకి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు ఏడాది వస్తుంది. 1340 ఫస్లీ అంటే 1930 అక్టోబరు నుంచి 1931 దాకా. కాగితం మీద ఉన్న ఫస్లీ ముందు రాయాలి, మనం లెక్కేసింది పక్కన రాయాలి. తిరగేసి మన లెక్క ఒక్కటే రాస్తే, లెక్క తప్పినప్పుడు సరిదిద్దే దారి ఎవరికీ ఉండదు. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ఆవరణ ఉంది. వాళ్ల పటాలు వాడుకునేవాళ్లు కూడా షీటు నంబరు, సర్వే చేసిన ఏడాది, అచ్చేసిన ఏడాది మూడూ ఇవ్వాలి. పటం మీద చెరువు ఉంది, ఇప్పుడు కాలనీ ఉంది అని వాదించాలంటే ఆ ఏడాదే మన సాక్షి.

తీర్పుల విషయంలో తేదీ తప్పితే ఉద్యమానికే నష్టం. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ రాష్ట్రాలు చేయకూడదన్నది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం దవీందర్ సింగ్ కేసులో ఆ తీర్పును కొట్టేసింది. 2025లో తెలంగాణ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. ఈ చర్చలో ఎవరు ఏ పక్షమైనా ఉండవచ్చు. కానీ పాత గైడులో చూసి 2004 తీర్పునే ఇవాళ్టి చట్టంగా రాసినవాడి మాట ఏ పక్షానికీ పనికిరాదు.

బాబాసాహెబ్ చూపిన దారి

'సూచికలు అగ్రకులాల ఆట' అనే మిత్రులకు ఒక సంగతి గుర్తుచేస్తాను. 1936లో 'కుల నిర్మూలన' అచ్చయ్యాక గాంధీ 'హరిజన్' పత్రికలో విమర్శ రాశారు. అంబేడ్కర్ చూపిన శాస్త్ర వాక్యాలు ప్రామాణికమైనవి కావన్నది దానిలో ఒక మాట. అంబేడ్కర్ ఏం చేశారు? కోపం తెచ్చుకోలేదు. ఈ విషయంలో తాను పండితుణ్ణని చెప్పుకోలేదు. తాను చూపిన వాక్యాలన్నీ తిలక్ రచనల నుంచి తీసుకున్నవేనని, సంస్కృతంలోనూ హిందూ శాస్త్రాల్లోనూ తిలక్ ప్రామాణికుడని అందరూ ఒప్పుకున్నారని జవాబిచ్చారు. అంతటితో ఆ అభ్యంతరం నోరు పడిపోయింది. ఆధారం ఎక్కడిదో ఆయనకు తెలుసు, చూపించగలిగారు. అది లేకుంటే 'నీకు సంస్కృతం రాదు' అనే ఒక్క మాటతో ఆ పుస్తకాన్ని పక్కకు నెట్టేసేవాళ్లు. మనకు అడుగడుగునా ఎదురయ్యే మాట అదే కదా.

మన పుస్తకాల మాట

ఇప్పటిదాకా దొరల పుస్తకాల గురించి చెప్పాను. మన పుస్తకాలను మనం ఎట్లా చూస్తున్నాం? హైదరాబాద్ దళిత ఉద్యమంలో పనిచేసిన పి.ఆర్. వెంకటస్వామి తన అనుభవాన్నీ ఆనాటి సంఘాల చరిత్రనూ ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాసి 1955లో తెచ్చారు. భాగ్యరెడ్డి వర్మ గురించి, అరిగె రామస్వామి గురించి, బి.ఎస్. వెంకటరావు గురించి తర్వాతివాళ్లు రాసినదానిలో చాలా భాగం ఈ పుస్తకం పునాది మీద నిలబడ్డదే. గెయిల్ ఓంవెట్ 1994లో వచ్చిన తన గ్రంథంలో హైదరాబాద్ గురించి రాస్తూ దీన్ని పేరుపెట్టి వాడుకున్నారు. కానీ మన వ్యాసాల్లో ఏం జరుగుతోంది? ఓంవెట్ పేరు నిలిచింది, వెంకటస్వామి పేరు పోయింది. ఓంవెట్ చూపిన సూచికను మనమే తుడిచేశాం. అసలు పుస్తకం దొరికితే చూసి రాయాలి. దొరక్కపోతే 'వెంకటస్వామి, 1955, ఓంవెట్ గ్రంథంలో ఉన్నట్టు' అని రాయాలి. ఒక దళితుడు తన చేత్తో రాసిన చరిత్రను ఇంకొకరి ఖాతాలో వేయడం మనం చేయాల్సిన పని కాదు.

అట్లాగే మాట మీద బతికిన జ్ఞానం. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే డక్కలి కళాకారులు పటం విప్పి జాంబపురాణం చెప్తారు. వాళ్లే మన విజ్ఞాన సర్వస్వం. వాళ్ల దగ్గర విన్నదాన్ని 'జనశ్రుతి' అని ఒక్క మాటలో కొట్టేసి, థర్‌స్టన్ విన్నదానికి మాత్రం సంపుటం, పేజీ ఇస్తున్నాం. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో చెప్పారో రాయాలి. థర్‌స్టన్‌కు ఇచ్చే మర్యాద వాళ్లకూ దక్కాలి.

రెండో అధ్యాయం మళ్లీ రాశాను. ఆ రెండు పేరాలు తీసేయలేదు. తీసేస్తే మన మీద ఆ మాటలు ఎవరన్నారో కూడా తెలియకుండా పోతుంది. వాటిని థర్‌స్టన్ మాటలుగా, 1909 నాటి మద్రాసు మాటలుగా, నాలుగో సంపుటం, మాదిగ అనే పేరు కింద అని పెట్టి, దాని కింద సిరాజ్ ఉల్ హసన్ ఏమన్నాడో, దాని కింద ఉప్పల్‌లో, నాచారంలో మా పెద్దలు నాతో ఏమన్నారో వరుసగా రాశాను. నాలుగు పేజీల్లో ముప్ఫై ఒక్క సూచికలు వచ్చాయి.

అమ్మకు మళ్లీ చదివి వినిపించాను. థర్‌స్టన్ దగ్గర "వాడన్నడా గా మాట? మరి మనమేమన్నమో రాసినవా?" అని అడిగింది. రాశానన్నాను. తన పేరు కూడా కింద వేశావా అన్నది. అమ్మ చెప్పిన సంగతి అధ్యాయంలో ఉంది గానీ పేరు లేదు. తెల్లారి దాన్ని కూడా చేర్చాను.